నామినీకి పెట్టిన నామం

వీలునామా అంటే వీలు దొరికినప్పుడు రాసుకునేది అనుకున్న తెలివైనవాణ్ణి నేను. పైగా నా ఉద్యోగం కోలారు దగ్గరి నరసాపురంలో ఒక ఫ్యాక్టరీ లెక్కల విభాగంలో. కేజీఎఫ్‌లో మా వీధివాళ్లు పన్ను రిటర్ను వేయాలంటే మా గడపే తొక్కుతారు. ఇంటి అప్పు వడ్డీ చూపించావా, పిల్లల ఫీజు చూపించావా, నామినీ పేరు ఎక్కించావా అని అందరినీ గద్దిస్తాను. నన్ను గద్దించేవాళ్లే లేకపోయారు.

నా డిపాజిట్లకు నామినీ మా అక్క మొగుడు. అమ్మా నాన్నా పోయాక, నాకింకా పెళ్లి కాకముందు, చుట్టరికం గడిలో ‘బావ’ అని రాసి సంతకం పెట్టాను. తర్వాత మా వైపు ఆచారం ప్రకారం అక్క కూతుర్నే చేసుకున్నాను. బావ కాస్తా మామ కూడా అయ్యాడు. నా నోటికి మాత్రం బావగానే మిగిలాడు. ఇక నామినీని మార్చడం దేనికి? నేను పోతే డబ్బు బావ చేతికి, అక్కణ్ణుంచి ఆయన కూతురి చేతికి. బస్సు మారినా చేరేది ఇంటికే అని నా లెక్క.

ఆ లెక్కలో కలపడం మరిచింది బోరు. బావకు టేకల్ దగ్గర మామిడితోట ఉంది, తోటలో నీళ్లు లేవు. చేతిలో రూపాయి ఆడితే చాలు, బోరు బండిని పిలుస్తాడు. మా నాన్న బంగారం కోసం గనిలోకి దిగినా జీతంతో పైకి వచ్చేవాడు. బావ డబ్బు దిగడమే కానీ పైకి రావడం ఎవరూ చూడలేదు.

మొన్న ఎండాకాలంలో ఆయన గోతం నిండా కాయలతో మా ఇంటికి వచ్చాడు.

“ఈ తూరి ఈశాన్యం మూల పాయింటు చూసినారప్పా. నీళ్లు గ్యారంటీ.”

“దుడ్డు యాడుండాది నాయనా?” అంది నా భార్య.

“అప్పు చేస్తాను. నాకేం భయం? అల్లుడి డిపాజిట్లకు నేనే కదా నామినీ!” అని పకపకా నవ్వాడు.

నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు. చిన్నప్పటినుంచీ నన్ను మామా అనే పిలుస్తుంది. కోపమొస్తే ఆ దీర్ఘం ఇంకాస్త సాగుతుంది. ఆయన తోటకు బయల్దేరగానే మొదలుపెట్టింది.

“మామా! ఊరందరికీ బుద్ధి చెప్తావే, నువ్వు చేసిన పని ఇదా? రేపు నీకేమన్నా అయితే దుడ్డంతా ఆ బొక్కలో పోస్తాడు మా నాయన. ఇంగ నేనూ బిడ్డా దుమ్ము తాగల్లా? నామినీ అంట నామినీ! నాకు పెట్టినావు నామం.”

మర్నాడు సెలవు పెట్టి కోలార్లో వకీలమ్మ దగ్గరికి వెళ్లాను. బ్యాంకులో నామినీ డబ్బు అందుకునేవాడే తప్ప సొంతదారు కాడు, హక్కు వారసులదే అని ఆవిడ చెప్పగానే ప్రాణం లేచొచ్చింది.

“ఆగండి. అందుకున్నాయన ఇచ్చేలోపల బోరు బండి వస్తే, మీ ఆవిడ కన్నతండ్రి మీద కేసు వేస్తుందా?”

వేయదు. ఆ సంగతి నాకూ తెలుసు, బావకూ తెలుసు.

ముందు బ్యాంకుకు వెళ్లి నామినీగా భార్య పేరు ఎక్కించాను. తర్వాత వీలునామా. ఇల్లు, డిపాజిట్లు అన్నీ ఆమెకే. ఆస్తిలో వాటాలేని ఇద్దరు సాక్షులు మా వీధిలోనే దొరికారు. “మరి దీన్ని అమలు చేసే మనిషి ఎవరు?” అని వకీలమ్మ అడిగినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇంగ్లీషువాళ్లు దీన్ని విల్లు అంటారు కదా, బాణం అప్పుడే దొరికింది.

బావ మళ్లీ వచ్చిన రోజు కాఫీ ఇచ్చి, కాగితం చదివి వినిపించాను.

“ఇందులో నీ పేరు కూడా ఉండాది బావా.”

ఆయన మొహం వెలిగింది. “ఏమనప్పా?”

“అమలుదారుడని. నేను పోతే బ్యాంకుకీ తాలూకాఫీసుకీ నువ్వే తిరగల్లా. నా ఆఖరి పన్ను రిటర్ను నువ్వే వేయించల్లా. అంతా నీ కూతురి చేతిలో పెట్టి లెక్క చెప్పల్లా.”

“తిరిగేది నేను, తీసుకునేది నా కూతురా? నాకేం లేదా?”

“ఉండాది. బాధ్యత.”

“నీకంటే పెద్దోణ్ణి, ముందు పోయేది నేనే కదప్పా!”

“యాడికి పోతావు? పని పెట్టుకున్నోడివి.”

నా భార్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి, తండ్రి గ్లాసులో ఇంకాస్త కాఫీ పోసింది. ఆయనకు వీలుకాకపోతే మా అక్క చూసుకుంటుందని వకీలమ్మ కింద ఇంకో వాక్యం రాయించింది. దాన్ని మాత్రం నేను పైకి చదవలేదు.