పాటల పెట్టెకి నేను తీసిన కొలత

2003 జూన్ పద్నాలుగు, శనివారం, ఉదయం తొమ్మిదీ నలభై. మృగశిర కార్తె వచ్చి వారం కావస్తున్నా బెజవాడలో ఎండ ఏమీ తగ్గలేదు. ఆ వేళకి మా తమ్ముడు తన కొత్త పికప్‌ని మా వాకిట్లో ఆపి, దిగకుండానే హారన్ కొట్టి, "అక్కయ్యా, టేపు పట్టుకుని రా!" అని కేకేశాడు. ఇప్పుడిదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, నిన్న బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడి నా ఆటో ఆగింది. పక్కన నిలబడ్డ బండిలోంచి దబ్ దబ్‌మని మోత వచ్చి నా పక్కటెముకలకి తగిలింది. ఆటో డ్రైవరు విసుక్కున్నాడు గానీ నాకు నవ్వొచ్చింది. ఆ మోత పుట్టే పెట్టె ఒకదానికి ఒకప్పుడు నేనే కొలతలు తీశాను. ఎలా తీశానో చెప్పుకోవడానికి అప్పట్లో సిగ్గుపడ్డాను. ఇప్పుడు పడను.

మా తమ్ముడికి కైకలూరు దగ్గర చేపల చెరువులు. ఆ బండికి ముందు ఇద్దరు, వెనక ముగ్గురు కూర్చునే సీట్లు, వాటి వెనక మేత బస్తాలూ చేపల ట్రేలూ వేసుకునే తొట్టి. చెరువులకీ బెజవాడకీ మధ్య రోజూ తిరుగుడే కాబట్టి పాటలు కావాలి. బండితో వచ్చిన రెండు స్పీకర్లు నా చెవికి చాలినంతే ఉన్నాయి. వాడికి చాలలేదు. "పాట వినపడితే సరిపోదు అక్కయ్యా, వీపు మీద చరచాలి" అన్నాడు. అందుకు సబ్‌వూఫర్ అని పది అంగుళాల స్పీకరు కొన్నాడు. డోలు మోతలాంటి లోతైన శబ్దాలన్నీ అది పలికిస్తుందట. ఊరికే పెడితే పలకదు. దానికి గాలి చొరబడని చెక్కపెట్టె చేయించి, వెనకసీటు వెనక, జాకీ పానాలు పెట్టుకునే జాగాలో బిగించాలి. మా మరదలు మాత్రం, "గట్టు మీద అది మోగించారంటే చేపలు మేత మానేస్తాయి, ముందే చెబుతున్నా" అంది.

చిక్కంతా ఆ జాగాతోనే. సీటు వెనక్కి వాలి ఉంటుంది కనక, దాని వెనక చోటు కింద వెడల్పుగా, పైన ఇరుకుగా ఉంటుంది. కింద పదకొండు అంగుళాలు, పైన అయిదున్నర. పెట్టె ఆ వాలుకి అతికినట్టు కూర్చోవాలి. గవర్నర్‌పేటలో ఒక మేడగదిలో ఇరవై తొమ్మిదేళ్లుగా ఆడపిల్లలకి కుట్టుపని నేర్పుతున్నదాన్ని, జాకెట్టు భుజం వాలు చూపుతోనే చెప్పగలదాన్ని, ఈ వాలొక లెక్కా అనుకున్నాను. ఆదివారం ఎటూ సెలవు, శనివారం కూడా సెలవిచ్చేసి బండెక్కాను.

ఆటోనగర్‌లో ఆ దుకాణం సీటు కవర్లదీ పాటల పరికరాలదీనూ. ఒక పక్క వెల్డింగు మెరుపులు, ఒక పక్క కాలిన గ్రీజు వాసన, మధ్యలో యాలకుల టీ వాసన. దుకాణం ఆయనకి ముప్పై అయిదేళ్లుంటాయి. చెక్కపెట్టెలు చేసే మేస్త్రికి అరవై దాటాయి. ఆ దుకాణానికి పదకొండేళ్లుగా పెట్టెలన్నీ ఆయనే చేస్తున్నాడట. దుకాణం ఆయన "బాబాయ్" అని పిలుస్తాడు గానీ చుట్టరికమేమీ లేదు. మేస్త్రి వచ్చి, సీటు ముందుకి వంచి, చేతిలో ఉన్న సన్నటి వెదురుబద్దని ఆ సందులో అటూ ఇటూ ఆనించి చూసి, మేకుతో గాట్లు పెట్టుకున్నాడు.

"టేపు లేదా మేస్త్రిగారూ?" అన్నాను.

"ఎందుకండీ అమ్మగారూ? జాగానే బద్ద మీదకి ఎక్కించేసుకుంటా. అంకె మర్చిపోతానేమో గానీ గాటు ఎక్కడికి పోద్దండీ?"

ఆ మాట నాకు నచ్చలేదు. పదిమంది వింటున్నారు. "గాట్లతో గుమ్మాలు చేసుకోండి. ఈ వాలు పని కాగితం కత్తిరించుకోకపోతే కుదరదు. నా కొలతకి తిరుగులేదు" అన్నాను. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆయన కూడా నవ్వి బద్దని దూలం సందులో దోపేశాడు. నేను బండి వెనక సీటులో మోకాళ్ల మీద కూర్చుని, మూడుసార్లు కొలిచి, వార్తాపత్రిక మీద పెన్సిలుతో గీసి, పక్క పలకలకీ పై పలకకీ అడుగు పలకకీ ముందు వెనకలకీ విడివిడిగా కాగితాలు కత్తిరించాను. చెమటకి కాగితం చేతికి అంటుకుంటోంది. అన్నిటికీ గుండుసూది గుచ్చి మేస్త్రికిచ్చి, "అచ్చం ఇలాగే కొయ్యండి. వెంట్రుకవాసి తేడా రాకూడదు" అని మరీ చెప్పి వచ్చాను.

బుధవారం మధ్యాహ్నం పెట్టె సిద్ధమైంది. నల్ల కార్పెట్ అతికించి, అంచులు మడిచి, చూడ్డానికి పెళ్లిపెట్టెలా ఉంది. స్పీకరు బిగించారు. బ్యాటరీ నుంచి ఎర్రటి లావు వైరు లాగి, యాంప్లిఫయరుని ముందు సీటు కింద పెట్టారు. పెట్టెని సందులో దించి సీటు వెనక్కి నెట్టారు. సీటు పడలేదు. మా తమ్ముడు భుజం పెట్టి నెట్టాడు. సీటుని పట్టి ఉంచే కొక్కెం ఇంకా అంగుళం దూరంలోనే ఉంది.

"ఏంటి మేస్త్రీ ఇది?" అన్నాడు తమ్ముడు.

"కాగితం ఉన్నట్టే కోశానండీ."

"మా అక్కయ్య కాగితం తప్పదు. గవర్నర్‌పేటలో ఎవర్నైనా అడుగు."

మేస్త్రి పెట్టెని చూశాడు, తర్వాత తన చేతులు చూసుకున్నాడు. "అయితే నా చూపే తప్పిందేమోనండీ" అన్నాడు మెల్లగా. దుకాణం ఆయన ఆ మాట కోసమే ఉన్నట్టు అందుకున్నాడు. "చెబుతూనే ఉన్నా కదా బాబాయ్, కళ్లు ఆనట్లేదని. పార్టీల ముందు నా పరువు తీస్తన్నావ్. ఇంక పెట్టెలు వేరేవాళ్లకి ఇచ్చుకుంటాలే, ఇంటికాడ కూచో."

నా కాగితాలు గోడమేకుకి వేలాడుతున్నాయి. పక్క పలక కాగితం తీసి చూశాను. పెన్సిలు గీత ఒక చోట ఉంది, కత్తెర నడిచిన దారి దానికి బయట అరంగుళం దూరంలో ఉంది. అన్ని కాగితాలకీ, అన్ని అంచులకీ అంతే. కుట్లలోకి పోవడానికి జాకెట్టు గుడ్డకి వదిలే అరంగుళం. ఇరవై తొమ్మిదేళ్ల అలవాటు మీద చెక్కకి కూడా వదిలేశాను. ఈ పక్క అర, ఆ పక్క అర, వెరసి అంగుళం.

నేను అబద్ధమాడక్కర్లేదు. ఊరుకుంటే చాలు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటే అడిగేవాళ్లెవరూ లేరు. ఊరుకున్నాను కూడా. ఎంతసేపో కచ్చితంగా చెప్పగలను, ఎందుకంటే ఎవరి మొహమూ చూడలేక గోడ గడియారం వంక చూస్తున్నాను. నాలుగూ పదిహేడు నుంచి నాలుగూ ఇరవై దాకా. ఆ మూడు నిమిషాల్లో మేస్త్రి తన ఉలీ సుత్తీ గోనెసంచిలో వేసుకుంటున్నాడు. వాటి చప్పుడుకి నా నోరు తెరుచుకుంది.

"ఆగండి మేస్త్రిగారూ. తప్పు కాగితంలో ఉంది. కుట్లకని చుట్టూ అరంగుళం వదిలాను."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. కాగితం మీద గీత చూపించి మళ్లీ చెప్పాను. మేస్త్రి కాగితం కళ్ల దగ్గరగా పెట్టుకుని చూసి, ఇంతలావు నవ్వు నవ్వాడు. "అమ్మగారూ, చెక్కకి కుట్లెందుకండీ! హుక్కులూ కాజాలూ కూడా పెట్టమంటారా?"

"పెట్టు మేస్త్రీ, బిగుతైతే వదులు చేసుకోవచ్చు" అన్నాడు తమ్ముడు. వాడి మాట మళ్లీ మామూలైంది. నేను దుకాణం ఆయన వైపు తిరిగి, "మీ బాబాయి చూపు వెంట్రుకవాసి కూడా తప్పలేదండీ. నా తప్పుని కూడా కచ్చితంగా కోశాడు" అన్నాను. ఆయన నేల చూపులు చూసి, "ఏదో కోపంలో అన్నాన్లే బాబాయ్, టీ తాగు" అన్నాడు. టీ నాకూ ఇచ్చారు. నేను పక్కన కూర్చుని తాగుతూ ఉంటే, మేస్త్రి దూలం సందులోంచి బద్ద తీసి, దాని గాట్ల ప్రకారం పెట్టె విప్పి, కోసి, మళ్లీ బిగించాడు. ఏడు గంటలకి సీటు వెనక్కి నెడితే కొక్కెం టక్కున పడింది.

నన్ను వెనకసీట్లో కూర్చోబెట్టి పాట పెట్టారు. మొదటి దెబ్బకి, వెనక నుంచి ఎవరో మూపు మీద చరిచారనుకుని తిరిగి చూశాను. అందరూ నవ్వారు. రెండో పాటకి నా కాలు ఆడుతోందని మా తమ్ముడు ఇంటికొచ్చి అందరికీ చెప్పాడు. అది నిజమే. చేపలు మేత మానలేదని కూడా ఇక్కడ చెప్పాలి. మేస్త్రి మరో ఆరేళ్లు ఆ దుకాణానికే పెట్టెలు చేశాడు.

ఆ పనిలో పోయినవి ఇవి. విప్పేటప్పుడు చీలిన వెనక పలక ఒకటి. గజంన్నర నల్ల కార్పెట్. వంగిపోయిన స్క్రూలు ఇరవై రెండు. తమ్ముడు చెరువుల మీదకి వెళ్లలేని సాయంత్రం ఒకటి. "నా కొలతకి తిరుగులేదు" అనే మాట ఒకటి. దాన్ని ఇరవై తొమ్మిదేళ్లు వాడాను. అది లేకుండా ఇరవై ఏళ్లు దాటాయి, లోటేమీ తెలియలేదు.