వాన పడకముందే సంతకం

ఐపీ అనే మాటను మా వైపు గొంతు తగ్గించి అంటారు. "ఫలానావాళ్లు ఐపీ పెట్టినారంట" అని కొళాయి దగ్గర ఎవరైనా అంటే, బిందె నిండి పొర్లుతున్నా మన చెవి అటే ఉంటుంది. నేనూ అలా విన్నదాన్నే, విని ఇంకో ఇద్దరికి చెప్పినదాన్నే. అప్పులు తీర్చలేనని కోర్టుకు రాసిచ్చి, ఉన్నదేదో కోర్టు చేతిలో పెట్టేయడమే ఐపీ. ఆ కాగితాలు మా ఇంటికొచ్చిన రోజు నేను కూర్చుని ఏడ్చానని ఊళ్లో అనుకున్నారు. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు కాలు ఒకచోట నిలవలేదు.

అంతకుముందు ఏడాదంతా మా ఇంట్లో ఫోన్ మోగితే ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్లం. మా ఆయన పెరటి వాకిట్లోంచి పోయి పెరటి వాకిట్లోంచే వచ్చేవాడు. ఎవరికి ఎంత ఇవ్వాలో ఆయన తలలో ఒక లెక్క, నా తలలో ఒక లెక్క. రెండూ కలిసేవి కావు, కలవని ప్రతిసారీ పోట్లాటే. అలాంటి మాకు గళ్లు గీసి, వరుస నంబర్లు వేసిన కాగితాలు దొరికాయి. ఇక్కడ పేరు, ఇక్కడ తండ్రి పేరు, ఇక్కడ ఊరు, ఇక్కడ బాకీ. నా దస్తూరి బాగుంటుంది. మా వీధిలో పింఛను దరఖాస్తయినా, రేషన్ కార్డు దరఖాస్తయినా నా చేతి మీదుగా పోవాల్సిందే. ఇంత గోల చేసిన మా సంసారం కూడా నాలుగు గళ్లలో పట్టేస్తుందని తెలిసేసరికి నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది.

ఆ కాగితాలు ఇచ్చింది అనంతపురం కోర్టు దగ్గర ఒక వకీలుగారి గుమాస్తా. ముసలాయన. వరండాలో చిన్న బల్ల వేసుకుని, జేబులో నాలుగు పెన్నులు పెట్టుకుని కూర్చునేవాడు. మా ఆయన చెప్పుల వైపు ఒకసారి చూసి, "సేద్యమా?" అని అడిగి, జవాబు కోసం చూడకుండానే కాగితాలు తీశాడు.

"రెండు పట్టీలు రాయాలమ్మా. ఎవురెవురికి ఇయ్యాల్నో ఒకటి, మీకేమేమి ఉండాదో ఒకటి. ఇంట్లో చెంబు కూడా దాయొద్దు. దాసినారంటే కేసూ పోతాది, మీరూ లోపలికి పోతారు. ఇంటికాడ పెన్సిల్‌తో రాసుకొని సోమవారం రాండి. ఆ పొద్దే సంతకం."

మా ఆయన టీ తాగడానికి బయటికి పోగానే గుమాస్తా బల్ల మీదికి వంగాడు.

"ఇంకో మాటమ్మా. వాన పడకముందే మీ ఇంటాయనతో సంతకం పెట్టించుకో. వాన పడినాక సంతకం పెట్టిన రైతును నేను ఇంతవరకూ చూళ్లేదు. ఈ ఏడు పంటొస్తాది, అందరిదీ తీర్చేస్తా అంటాడు. మళ్లీ కొత్తగా అప్పు చేసి విత్తుతాడు. మరుసటేడు ఇంతకన్నా పెద్ద పట్టీ రాసుకొని నా దగ్గరికే వస్తాడు."

ఆయన చెప్పింది మా ఆయన గురించే. నాలుగేళ్లుగా జరుగుతున్నది అక్షరాలా అదే. అది గురువారం. సోమవారానికి మధ్య మూడు రోజులున్నాయి, విత్తడానికి అదనైన తొలి ముంగారు వాన ఎప్పుడైనా పడొచ్చు. పెళ్లై వచ్చినప్పటి నుంచి ఆ ఆకాశాన్ని వాన కోసం బతిమాలినదాన్ని, ఆ రోజు బస్సు కిటికీలోంచి చూస్తూ, "సోమవారం దాకా ఆగు తల్లీ" అని మొక్కుకున్నాను.

మొదటి పట్టీ శుక్రవారం పొద్దున మొదలుపెట్టాను. రెండో వరుసలోనే చిక్కొచ్చింది. ఎరువుల అంగడి అన్నకు మేము పదేళ్లుగా బాకీ. ఆయన మా ఇంట్లో మజ్జిగ తాగాడు, మా దొడ్లో చింతకాయలు కోసుకుపోయాడు, పట్నంలో పనిచేసే మా పిల్లోడి పెళ్లెప్పుడని కలిసినప్పుడల్లా అడిగేవాడు. కానీ ఆయన పూర్తి పేరేమిటో, వాళ్ల నాయన పేరేమిటో మాకు తెలియదు. మా ఆయన తల గోక్కుంటూ, "అంగడన్న అని రాయి, ఆయప్ప ఎవురికి తెలీదు?" అన్నాడు. జడ్జిగారికి తెలియదయ్యా అని కసిరి, ఏడాదిగా నేను ఎత్తడం మానేసిన ఆ నంబరుకు నేనే ఫోన్ చేశాను.

"అన్నా, నీ పూర్తి పేరు చెప్పన్నా. మీ నాయన పేరు కూడా చెప్పు."

"ఎందుకమ్మా?"

"ఒకచోట రాయాల్సి ఉండాదన్నా."

ఆయన గొంతులో సంతోషం పొంగింది. ఇంటిపేరుతో సహా తన పేరు చెప్పాడు, వాళ్ల నాయన పేరు రెండుసార్లు చెప్పాడు, ఆయన గుమ్మఘట్ట నుంచి ఒక్క సంచితో వచ్చి అంగడి పెట్టిన సంగతి కూడా చెప్పాడు. బాకీ మాట ఎత్తనే లేదు. నేను ఆ గడి నింపి, పేరు ముత్యాల్లా వచ్చిందని మురిసిపోయాను. ఆయన ఎందుకు సంతోషపడ్డాడో ఆలోచించే తీరిక నాకు లేదు. ఇంకా తొమ్మిది వరుసలున్నాయి!

సాయంత్రానికి మొదటి పట్టీ అయిపోయింది. కింద మొత్తం వేశాను. మా రెండు తలల్లోని లెక్కలకన్నా అది పెద్దది. అయినా సరే, మొదటిసారి అది ఒక్కటే అంకె. దాని మీద పోట్లాడుకోవడానికి ఏమీ లేదు. ఆ పూట ఇద్దరం కడుపునిండా సంగటి తిన్నాం.

రెండో పట్టీ శనివారం. మా ఆయన ఇల్లంతా తిరుగుతూ చెప్తున్నాడు, నేను రాస్తున్నాను. ఐదెకరాల ఎర్రనేల. నీళ్లు రాని బోర్లు మూడు. "వాటికి ఖరీదెంత వేయాలయ్యా?" అంటే, "ఖరీదు ఒద్దు, లోతు రాయి" అన్నాడు. ఇద్దరికీ నవ్వు ఆగలేదు. రెండు మంచాలు, టీవీ, విత్తే గొర్రు, గిన్నెలు. అలా నడుమింట్లోకి వచ్చేసరికి ఆయన ఆగిపోయాడు. అక్కడ నాలుగు మూటల విత్తనపు శెనక్కాయలున్నాయి. గింజ అమ్ముకోకుండా, ఎంత అవసరం వచ్చినా మూట ముడి విప్పకుండా దాచుకున్నవి. పట్టీలో రాస్తే అవీ కోర్టుకు పోతాయి, అవి పోతే ఆ ఏడు చేను బీడే.

ఆయన బయటికి వెళ్లిపోయాడు. నేను మాత్రం పెన్సిల్ చెవి మీద పెట్టుకుని ఆలోచించాను. నా బుర్ర అప్పటికే మంచి వేడి మీద ఉంది. మా వీధిలో విత్తే ముందు ఒకరి కాయలు ఒకరం ఒలిచిపెట్టుకుంటాం. కూలి ఉండదు, ఈ రోజు నీ ఇంట్లోవి, రేపు నా ఇంట్లోవి. ఒలుపుకని నాలుగు మూటలూ నాలుగు ఇళ్లకు పంపించేస్తే, ఎవరూ ఏమీ అనుకోరు. పట్టపగలే పంపించాను. నడుమిల్లు ఊడ్చి, పట్టీలో ఆ వరుస వదిలేసి, నా తెలివికి నేనే భుజం తట్టుకున్నాను.

మా ఆయన వచ్చి ఖాళీ గదిని చూసి, సంగతి విని, తల పట్టుకున్నాడు.

"ఒలిచిన విత్తనం ఎన్నాళ్లు నిలుస్తాదే? వారం దాటితే మొలక చచ్చిపోతాది. వాన యాడుందని ఒలవమన్యావు?"

ఆ సంగతి నాకు తెలియక కాదు. హుషారులో మరిచిపోయాను. ఇప్పుడు ఆయనకు వారంలోపల వాన కావాలి, నాకు సోమవారం దాకా వాన రాకూడదు. ఆదివారమంతా ఇద్దరం వాకిట్లో నిలబడి ఒకే ఆకాశాన్ని రెండు రకాలుగా వేడుకున్నాం.

సోమవారం దాకా వాన ఆగింది. నేను నా మంచి చీర కట్టుకుని, కాగితాలు గుండెలకు హత్తుకుని కోర్టు మెట్లెక్కాను. గుమాస్తా మొదటి పట్టీ చదివి, "ఎవురు రాసిందీ? బ్రహ్మాండం" అన్నాడు. నేను ఉబ్బిపోయాను. రెండో పట్టీ చదువుతూ చదువుతూ ఆగాడు.

"గొర్రు ఉండాది. ఐదెకరాలు ఉండాది. విత్తనం యాడమ్మా?"

"లేవు సామీ," అన్నాను.

"ఏమప్పా?" అని ఆయన మా ఆయన వైపు తిరిగాడు. మా ఆయనకు అబద్ధం చెప్పడం రాదు. వచ్చుంటే మాకు ఇన్ని అప్పులు ఉండేవి కావని నా అనుమానం. "ఉండాయి సామీ. నాలుగు మూటలు. వీధిలో ఒలుపుకు ఇచ్చింది," అన్నాడు నేల చూస్తూ.

నేను సిగ్గుతో చచ్చిపోయాను. గుమాస్తా కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎంత తెలివి తక్కువ పని చేసినావమ్మా! కోర్టు తేల్చేదాకా చేను మీరే చేసుకోవచ్చు. రైతు విత్తనం కోర్టు ముట్టదు. గొర్రు ముట్టదు, వండుకునే గిన్నెలు ముట్టదు, నీ మెడలో తాళి ముట్టదు. అవన్నీ రాసి, ఇవి బతుకుదెరువుకు వదలండి అని రాయాల. రాయకుండా దాసినావే, అది తప్పు."

ఎక్కడో ఎప్పుడో చట్టం రాసినవాళ్లు, అంతా పోయిన రైతుకు విత్తనం మిగలాలని ఒక్క క్షణం ఆలోచించారు! నాకు ఆ వరండాలోనే కళ్ల నిండా నీళ్లు తిరిగాయి. అంత సంతోషం ఎప్పుడు కలిగిందో నాకు గుర్తులేదు. పెన్ను అడిగి తీసుకుని, నా చేత్తో రాశాను: విత్తనపు వేరుశెనక్కాయలు, నాలుగు మూటలు. తర్వాత మా ఆయన చేతికి పెన్ను అందించాను.

"ఈ పొద్దు కాదు," అన్నాడు గుమాస్తా. "పట్టీ మారిపోయింది. మళ్లీ టైపు కొట్టాల, వకీలుగారు చూడాల. రేపు పదకొండుకు రాండి." అని నా వైపు చూసి, చూపుడు వేలు ఆకాశం వైపు ఎత్తాడు.

కూడేరు దాటగానే కిటికీలోంచి చల్లగాలి కొట్టింది. ఉరవకొండ వైపు మబ్బు నల్లగా కిందికి దిగుతోంది. బస్సులో అందరూ లేచి నిలబడ్డారు. మొదటి చినుకు అద్దం మీద పడగానే ఎవరో ఈల వేశారు. నేను తిట్టుకోవాలి, ఏడవాలి. కానీ మట్టివాసన రాగానే నా చెయ్యి దానంతట అదే కిటికీ బయటికి పోయింది. మా ఆయన మా స్టాపు దాకా కూడా ఆగకుండా చేను దగ్గరే బస్సు ఆపించుకుని దూకేశాడు.

నేను ఇంటికి చేరేసరికి వీధిలో ఆడవాళ్లు యూరియా సంచులు తలకు కప్పుకుని, ఒలిచిన విత్తనం గంపలతో మా వాకిట్లో నిలబడి ఉన్నారు. నడుమింట్లో విత్తనం మళ్లీ కుప్పపడింది. అందరం తడిసిపోయి, ఎందుకో తెలియకుండానే నవ్వుతున్నాం. పొద్దుగూకే ముందు మా ఆయన మోకాళ్ల దాకా ఎర్రమట్టితో వచ్చాడు.

"మే, నేలలోకి జానెడు దిగింది పదును! రేపు తెల్లారేసరికి గొర్రు కట్టేది. కోర్టూ లేదు, గీర్టూ లేదు. ఈ ఏడు పంటొస్తాది, అందరిదీ తీర్చేస్తా."

గుమాస్తా మాట పొల్లుపోలేదు. కోపం రావాల్సింది పోయి, నాకూ నిజమేననిపించింది! విత్తనం ఉంది, పదును ఉంది, ఇంకేం కావాలి? అప్పుడు ఫోన్ మోగింది. అంగడి అన్న.

"వాన బాగా పడిందంట గదా మీకాడ? ఎరువు పంపిస్తా, దించుకోండి. దుడ్లు తర్వాత చూసుకుందాం."

స్పీకర్లో వినబడింది. మా ఆయన ముఖం వెలిగింది. సరే అనమని చేతులు ఊపుతున్నాడు. ఆ ఒక్క మాట అనేస్తే చాలు, ఆ పట్టీలు చించి పొయ్యిలో పెట్టొచ్చు. నా నోట్లోంచి ఇంకో మాట వచ్చింది.

"వద్దన్నా. మొన్న నీ పేరు అడిగింది ఐపీ కాగితంలో రాయడానికన్నా."

ఆయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"మీ పిల్లోని పెండ్లిపత్రికలో వేయించేదానికి అనుకుంటినమ్మా," అన్నాడు. "మా నాయన పోయినాక ఆయప్ప పేరు ఎవురూ అడగలే. నువ్వు అడిగినావని ఇంట్లో అందరికీ చెప్పినా."

ఫోన్ పెట్టేశాడు. తెల్లారి, నేను లేచేసరికే మా ఆయన విత్తనం తీసుకుని, బాడుగ ఎద్దులను తోలుకుని చేనికి పోయాడు. ఇక సంతకం సంగతి మరిచిపోవచ్చనుకుని, పొయ్యి ముందు కూర్చుని నా మీద నేనే మండిపడ్డాను. తొమ్మిది గంటలప్పుడు వాకిట్లో చప్పుడైంది. ఆయన కాళ్లు కడుక్కుని, చొక్కా మార్చుకుని, "బస్సుకు టైమైంది, రా" అన్నాడు.

దారి పొడుగునా రెండు వైపులా జనం విత్తుతున్నారు. ఆయన కిటికీ వైపు తల తిప్పలేదు. వరండాలో గుమాస్తా మమ్మల్ని చూసి కుర్చీలోంచి లేచాడు. మా ఆయన చూపించినచోటల్లా సంతకం పెట్టాడు. అయిపోయాక గుమాస్తా ఉండబట్టలేక అడిగాడు.

"వాన పడినాక కూడా వచ్చినావు. ఏమప్పా కథ?"

"ఈ పొద్దు ఆయప్ప దగ్గర ఎరువు దించుకుంటే, వచ్చే ఏడు మళ్లా వాళ్ల నాయన పేరు రాయల్లగదా సామీ," అన్నాడు మా ఆయన.

గుమాస్తా కాగితాలు సర్ది కట్ట కట్టాడు. విత్తాల్సింది ఇంకా సగం చేనుంది, అందుకని మేము టీ కూడా తాగకుండా పన్నెండు గంటల బస్సు ఎక్కాం.