రోడ్డు మీద లేని ఆవు

కుట్టుమిషను నూనె వాసన తగిలితే నాకు ముందు గుర్తొచ్చేది అమ్మ కాదు, అప్పలనాయుడు పెద్దనాన్న. నిన్న పొద్దున భిలాయి పక్కన రిసాలిలో మా ఇంట్లో అమ్మ మిషను మీది గుడ్డ తీసి, కాస్త నూనె వేసి, పక్కనున్న చేతిపిడి తిప్పాను. మొదట మొరాయించి, తర్వాత టకటకమంటూ తిరిగింది. దాంతో పాటు ఆయన గొంతూ గదిలోకి వచ్చేసింది. "ఇనుమైనా మనిసైనా ఒకటేనమ్మా, పలకరించకపోతే పట్టేస్తది." నిజానికి ఆయనకీ మాకూ చుట్టరికమేమీ లేదు. భిలాయిలో మా క్వార్టరూ వాళ్ళ క్వార్టరూ గోడకి అటూ ఇటూ ఉండేవి. విజయనగరం వైపు పల్లె నుంచి కుర్రతనంలో వచ్చి, ఉక్కు ప్లాంటు రోలింగ్ మిల్లులో ఫోర్‌మన్ దాకా ఎదిగిన మనిషి. ఆయన కింద పనిచేసే నాన్న అన్నయ్యా అని పిలిచేవారు గనుక నాకు పెద్దనాన్న, అమ్మకి బావగారు అయ్యారు. మా సెక్టారులో తెలుగువాళ్ళ తగువు ఏదైనా ఆయన వరండాలోనే తీరాలి. ఠాణా గడప తొక్కనివ్వకుండా రాజీ చేయించడం ఆయనకి మహా గర్వం. "ఊరొదిలి ఇంత దూరమొచ్చేం. మనలో మనం కోర్టులకెక్కితే నలుగురూ నవ్వరేటి?" అనేవారు. ఆ మాట ఆ రోజుల్లో నాకు ఎంత పెద్దమనిషి మాటలా వినిపించేదో!

విశ్వకర్మ పూజ నాడు ప్లాంటు గేట్లు మా ఇళ్ళవాళ్ళకీ తెరిచేవారు. నేను కాలేజీలో చేరిన ఏడు, అమ్మా నాన్నా నేనూ ముగ్గురం మా కారులో వెళ్ళాం. కారంటే మరీ ఊహించుకోకండి. బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర నాన్న కొన్న పాత బండి. దాని రంగు క్రీము అని నాన్న, మాసిన తెలుపు అని అమ్మ, ఎప్పుడూ ఇదే వాదం. సాయంత్రం ప్రసాదం పొట్లాలు ఒళ్ళో పెట్టుకుని తిరిగొస్తుంటే, నాలుగు రోడ్ల చౌక్ దగ్గర ఎడమ రోడ్డులోంచి ఒక జీపు దూసుకొచ్చి అమ్మ కూర్చున్న వైపు గుద్దింది. బూందీ కారంతా చెల్లాచెదురైంది. జీపు దిగినవాడు నిలబడలేక బానెట్టు పట్టుకున్నాడు. చూస్తే జగన్నాథం! నాన్నతో అదే మిల్లులో పనిచేసేవాడు, పెద్దనాన్న ఊరివాడు. పూజ అయ్యాక తాగి, బావమరిది జీపు తీశాడట. "మాఫ్ కరో భయ్యా, బ్రేక్ అందలేదు" అని నాన్న చేతులు పట్టుకుని ఏడ్చాడు. ఒళ్ళంతా మందు కంపు. అమ్మ మాత్రం ఏడవలేదు. తన మోకాలి వంకే చూస్తూ కూర్చుంది.

ప్లాంటు ఆసుపత్రిలో అమ్మని లోపలి గదిలో పడుకోబెట్టారు. కట్లు కట్టారు, స్పృహలోనే ఉంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. బయట నాన్న, నేను. మెట్ల మీద జగన్నాథం భార్య పిల్లల్ని పొదివి పట్టుకుని కూర్చుంది. పోలీసులు ఇంకా రాలేదు. ఈలోగా పెద్దనాన్న వచ్చారు.

"సూడు తమ్ముడూ. తాగి గుద్దినాడని రాయించేవనుకో, ఆడి ఉద్యోగం పోద్ది. ఉద్యోగం పోతే క్వార్టర్ పోద్ది. పిల్లల్నట్టుకుని ఎక్కడికెల్తాడు?"

"మరేం చెప్పమంటావు అన్నయ్యా?"

"ఆవు అడ్డొచ్చిందని సెప్పు. తప్పించబోయి ఇద్దరూ గుద్దుకున్నారు. ఈ రోడ్ల మీద ఆవులకేటి కరువు? వైద్యం మన ఆసుపత్రిదే, కారు నాను బాగు సేయిస్తాను. ఇంకేటి కావాలి?"

మా ప్లాంటు ఊరివాళ్ళు మాత్రమే చేయగల పొరపాటు అది. ఇల్లు, నీళ్ళు, కరెంటు, బడి, మందులు అన్నీ ప్లాంటు ఇచ్చినవే కావడంతో, మాకు ఏం పోయినా ప్లాంటే పూడుస్తుందన్న ధీమా ఉండేది. తలుపవతల పడుకున్న మనిషిని ఒక్క మాట అడగాలని ఎవరికీ తోచలేదు. పోలీసులు వచ్చాక నాన్న ఆవు అని చెప్పారు. పెద్దనాన్న తానూ అక్కడే ఉన్నానని, ఆవుని చూశానని సాక్ష్యం పలికారు.

మోకాలి ఎముక అతికింది గానీ కీలు బిగుసుకుపోయింది. అమ్మ ఎడమ కాలు ఇక వంగలేదు. అమ్మ సెక్టారంతటికీ జాకెట్లు కుట్టేది. బెంగాలీ దీదీలు, పంజాబీ ఆంటీలు మా గుమ్మంలో వరస కట్టేవారు. "ఈ ఇంట్లో ప్లాంటుది కానిది నా మిషనొక్కటే" అని నవ్వేది. రెండు కాళ్ళూ ఆడించి తొక్కే మిషను. దాని మీద గుడ్డ కప్పేసి, అటువైపు చూడటం మానేసింది. జగన్నాథం ఒకసారి బత్తాయిలు తెచ్చాడు. తర్వాత మా వీధిలోంచి వెళ్ళడమే మానుకున్నాడు.

ఒక ఆదివారం పెద్దనాన్న సంచీలోంచి ఇనప చేతిపిడి తీసి మిషను దగ్గర పెట్టారు. "కాలుతో కాపోతే సేత్తో తిప్పుదువుగాని. బిగించడం అరగంట పనమ్మా."

అమ్మ పిడి వైపు చూడలేదు. "బావగారూ, ఆ రోజు నన్నొక్క మాట అడిగేరా?"

"ఏటమ్మా అడగడం?"

"ఆవన్నారు. ఏదండీ ఆవు? నా మీదకొచ్చినోడు తాగున్నాడు. మీరూ మీ తమ్ముడూ కలిసి నా కాలట్టుకెళ్ళి లేని ఆవు మెడకి కట్టేసేరు. ఆడి పిల్లలు గుర్తొచ్చేరు మీకు. నేను గుర్తు రాలేదు."

నాన్న తల దించుకున్నారు. అమ్మ అంత పొడుగు మాట మాట్లాడటం నేను అంతకు ముందు వినలేదు. పెద్దనాన్న, "ఇప్పుడు నీకేటి కావాలమ్మా?" అన్నారు.

"పరిహారం కావాలి. తప్పు ఆడిదని తేలి, ఆ తప్పుకి కట్టాలి. ఊరికే జాలిపడి ఇచ్చేది నాకొద్దు."

ఆయన పిడిని మళ్ళీ సంచీలో పెట్టుకుని లేచారు. మర్నాడే నాన్నని స్కూటరు ఎక్కించుకుని పక్కనున్న దుర్గ్ వెళ్ళి వకీలుని మాట్లాడారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, కాదనను. కానీ ఆ ఆకుల కోసం ఆయన పోగొట్టుకున్నది తక్కువేమీ కాదు. ఇచ్చిన సాక్ష్యం అబద్ధమని తానే కోర్టులో చెప్తానన్నారు. ఆయన ఊరివాళ్ళు ఆయనతో మాటలు మానేశారు. రామనవమి పందిట్లో ఆయన కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు. ఎప్పుడూ మనుషులతో నిండుగా ఉండే ఆ వరండాలో ఆయనొక్కరే పేపరు చదువుకునేవారు. పెద్దమ్మ "రిటైరయ్యే ముందు మీకెందుకొచ్చిన గొడవ" అని మొత్తుకుంటే గోడివతలకి వినబడేది.

కోర్టులో జీపు బీమా కంపెనీ వకీలు ఒక్కటే ప్రశ్న వేశాడు, అబద్ధం అప్పుడాడావా, ఇప్పుడాడుతున్నావా అని. "ఝూట్ తబ్ బోలా థా యా అబ్ బోల్ రహే హో?"

"తబ్ బోలా థా సాబ్."

అప్పుడు అబద్ధమాడినవాణ్ణి ఇప్పుడెలా నమ్మాలని వకీలు నవ్వాడు. పెద్దనాన్న జడ్జిగారి వైపు తిరిగి, "నన్ను నమ్మకండి సాబ్, ఆమె కాలు చూడండి" అన్నారు హిందీలో. వెనక బల్ల మీద అమ్మ ఆ కాలు చాపుకునే కూర్చుంది. మరోలా కూర్చోలేదు కదా.

జడ్జిగారు నమ్మలేదు. నాన్న మొదట చెప్పిన మాటే నిలబడింది. అయితే కీలు శాశ్వతంగా పోయింది గనుక, ఎవరి తప్పూ తేలకపోయినా చట్టం ఇమ్మనే పరిహారం ఒకటి ఉంటుందట, అది ఇప్పించారు. వకీలు సంతోషంగా చెప్తున్నాడు. అమ్మ అంతా విని, "అంటే, ఎవరి తప్పూ లేదనే ఇచ్చేరా?" అంది. పెద్దనాన్న కోర్టు మెట్ల మీద చతికిలబడిపోయారు.

"తప్పు నాదమ్మా. రాజీ అంటే ఇద్దరూ ఒప్పుకోవాలి గదా. నాను ఆడ్నొప్పించేను, తమ్ముణ్ణొప్పించేను. కాలు నీదాయె..." ఆయన ఏడవడం చూసి నాకూ దుఃఖం ఆగలేదు. అంతవరకూ లోలోపల ఆయన మీద పెంచుకున్న కోపమంతా ఏమైపోయిందో తెలియదు.

ఇల్లు చేరాక అమ్మ అడిగింది. "బావగారూ, ఆ పిడి ఉందా, పారేసేరా?"

"ఉందమ్మా."

"రేపొచ్చి బిగించండి."

బిగించారు. ఒక చేత్తో పిడి తిప్పుతూ ఒక చేత్తో గుడ్డ జరుపుతూ అమ్మ మళ్ళీ కుట్టింది, మునుపటి వడి లేకపోయినా. రిటైరై క్వార్టరు వదిలి ఊరి చివర కోహ్కాలో ఇల్లు కట్టుకున్నా, ఆయన ఆదివారం ఆదివారం వచ్చి మిషనుకి నూనె వేసి వెళ్ళేవారు. జగన్నాథం మా గుమ్మం మళ్ళీ ఎక్కలేదు. తప్పు తనదేనని అతని నోట ఆ ఒక్క మాట కోసం అమ్మ చివరిదాకా ఎదురు చూసిందని నాకు తెలుసు. చివరిసారి వచ్చినప్పుడు పెద్దనాన్న నూనెడబ్బా మూత పెడుతూ నాతో అన్నారు. "ఆ దినం తలుపు తోసుకుని లోపలికెల్లి మీ అమ్మనడిగుంటే అరనిమిషం పనమ్మా. అంతే." ఆ తర్వాత ఎక్కువ కాలం ఆయన లేరు. కొన్నేళ్ళకి అమ్మా పోయింది.

ఇప్పుడు నేను కుటుంబ తగాదాలు చూసే కేంద్రంలో పనిచేస్తున్నాను. పెద్దమనుషులు వస్తారు, వస్తూనే "రాజీ చేసేద్దాం మేడమ్" అంటారు. మంచివాళ్ళే. పెద్దనాన్న అంత మంచివాళ్ళే, అదే నా భయం. వాళ్ళని బయట కూర్చోబెట్టి, ముందు దెబ్బ తిన్న మనిషి ఉన్న గదిలోకి వెళ్తాను. నిన్న పిడి తిప్పుతుంటే ఆసుపత్రి తలుపు మళ్ళీ కళ్ళముందుకొచ్చింది. దానికి గడియ కూడా లేదు.