మంచం మీది చెయ్యి

మా పెద్దనాయన బొగ్గుబాయిల పనిచేసేటోడు. బాయిల పైకప్పు కూలిననాడు దోస్తును కుడిచేత్తో పట్టి గుంజుతుండంగ, ఆ చెయ్యి మోచేతి దాకా నలిగిపోయింది. దోస్తు బతకలే.

తర్వాత డాక్టర్లు మిగిలిన కండల సెన్సార్లు పెట్టి మరచెయ్యి ఇచ్చిండ్రు. కండ బిగిస్తే వేళ్లు ముడుచుకుంటయ్, విప్పి పక్కన పెట్టినా సరే. విప్పినప్పుడల్లా దాన్ని అరచెయ్యి పైకొచ్చేటట్టు మంచం మీద పెట్టుకునేటోడు.

ఓ పొద్దు బూర్గంపాడుల వాళ్లింటికి పోయిన. ఆయన ఎడమచేత్తో చాయ్ తాగుతుండు. పక్కనున్న చెయ్యి మెల్లగ ముడుచుకుంది.

"ఎందుకు బిగిస్తున్నవ్ పెద్దనాయనా?"

"నేను కాదు బిడ్డా. వాడే పట్టుకుంటుండు."

"డాక్టరుకు చెప్పి ఆ సెన్సార్లు తీయించుకోరాదు?" అన్న.

ఆయన బిగుసుకున్న ఆ వేళ్ల దిక్కే చూసిండు.

"తీయిస్తే, వాడు దేన్ని పట్టుకుంటడు?"