చిన్నమ్మను ఏడిపించిన దెయ్యం

మా చిన్నప్పుడు... కుందుర్పిలో రేకుల టాకీసు ఒకటి ఉండేది. ఆదివారం మ్యాట్నీ వేసేవాళ్లు. ఎండ లోపలికి రాకుండా సందులన్నిటికీ గోనెపట్టాలు కట్టేవాళ్లు గానీ, ఎక్కడో ఒకచోట నుంచి వెలుగు గీత వచ్చి సరిగ్గా దెయ్యం ముఖం మీదే పడేది. అయినా వణికిపోయేవాళ్లం...

నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆ ఆదివారం నన్ను సినిమాకు తీసుకెళ్లింది మా చిన్నమ్మ ఓబుళమ్మ, మా అమ్మకు చెల్లెలు.

అంతకు ఆరు నెలల ముందు చిన్నాయన పోయాడు. వానల్లేక బావులెండిపోయిన ఏడాది అది. బావిని ఇంకొంచెం లోతు చేద్దామని దిగాడు. పక్క గట్టు విరిగి మీద పడింది. మనిషిని బయటికి తీసేసరికి మరుసటి రోజు పొద్దెక్కింది.

అప్పట్నుంచి చిన్నమ్మ మా ఇంట్లోనే ఉండేది. చేటలో వేరుశనక్కాయలు పోసుకుని పొద్దంతా ఒలుస్తూ కూర్చునేది. ఏడవలేదు. అడిగిన దానికి తప్ప మాట్లాడేది కాదు. ఆమె ముందు చిన్నాయన పేరెత్తడానికి మాకెవరికీ ధైర్యం లేదు...

"పాప సినిమా సినిమా అని ప్రాణం తీస్తాండాది. పిల్చుకపోవే, నీకూ రోంత గాలి మారుతాది" అని అమ్మే బలవంతంగా పంపింది.

అది దెయ్యం సినిమా అని అమ్మకు తెలియదు. నాకు తెలుసు. తెలిస్తే పంపదని చెప్పలేదు.

ఆ సినిమాలో గౌరి అని ఒక కోడలుపిల్ల. జ్వరంతో చనిపోతుంది. కానీ తాను చనిపోయిన సంగతి ఆమెకు తెలియదు. మామూలుగా ఇంటికొచ్చి పొయ్యి దగ్గర నిలబడుతుంది. మొగుణ్ని పిలుస్తుంది, అత్తను పిలుస్తుంది. ఎవరికీ వినబడదు. నీళ్లు తాగబోతే చెంబు దొర్లుతుంది... ఇంట్లోవాళ్లు కెవ్వుమంటారు. వాళ్లతోపాటు టాకీసులో మేమూ కెవ్వుమన్నాం. నేను కళ్లు మూసుకుని చిన్నమ్మ చెయ్యి పట్టుకోబోయాను. చెయ్యి దొరకలేదు.

కళ్లు తెరిచి చూస్తే చిన్నమ్మ లేచి నిలబడి ఉంది.

"ఏమప్పా, అంతసేపట్నుంచి పిలుస్తాండాదే! ఎవురన్నా ఆయమ్మను మాట్లాడిచ్చండప్పా!"

ఎవరూ నవ్వలేదు. కూర్చోమని ఎవరూ అరవలేదు కూడా. చిన్నమ్మ అలాగే నేల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. పక్కనున్న ఆవిడెవరో, ముక్కూ మొహం తెలియని మనిషి, ఆమె భుజం మీద చెయ్యి వేసి అడిగింది.

"ఎవురు పోయినారమ్మా?"

"మా ఇంటాయన..." అంది చిన్నమ్మ.

ఆరు నెలల్లో ఆ మాట ఆమె నోట వినడం అదే మొదటిసారి.

సినిమా వదిలేసరికి బయట ఎండ ఇంకా తగ్గలేదు. చేలగట్ల మీద ఇంటికి నడుస్తూ దారిపొడవునా చిన్నాయన గురించే చెప్పింది. గొర్రెల్ని పిలవాలంటే ఆయనకు ఈల వేయడం రాదట... నోటితోనే "కుయ్" అనేవాడట. అది చెప్పి తనే నవ్వింది. మళ్లీ ఏడ్చింది.

వాచిపోయిన ఆమె ముఖం చూసి, ఏ సినిమానో తెలుసుకుని, అమ్మ నా మీదికి చెయ్యెత్తింది. చిన్నమ్మ అడ్డం వచ్చింది.

"దాన్నేమీ అనాకక్కా. ముందు అన్నం పెట్టు, ఆకలైతాండాది."

అమ్మ ఎత్తిన చెయ్యి దించి, గబగబా వంటింట్లోకి వెళ్లిపోయింది. కళ్లు తుడుచుకోవడానికని నాకు తర్వాతెప్పుడో అర్థమైంది...

నాకు దెయ్యం సినిమాల పిచ్చి పట్టింది అప్పట్నుంచే. ఏది వచ్చినా వదల్లేదు. ఇన్నేళ్లలో ఎన్ని చూశానో నాకే తెలియదు. ఇప్పుడు మాత్రం... అలసట వస్తోంది. ఒక పాడుబంగ్లా. అందులోకి నలుగురు స్నేహితులు. ఒకడు జోకులేస్తాడు. కాసేపు నిశ్శబ్దం, ఆ వెంటనే చెవులు పగిలే మోత. అది భయమేనా? వెనక నుంచి వచ్చి ఎవరైనా పళ్లెం మీద గరిటెతో కొట్టినా అంతే ఉలిక్కిపడతాం కదా...

పోయిన నెల కళ్ల పరీక్షకని చిన్నమ్మ అనంతపురంలో మా ఇంటికొచ్చింది. కొత్త దెయ్యం సినిమా ఆడుతుంటే ఇద్దరం మధ్యాహ్నం ఆటకు వెళ్లాం. ఆమె చెవులకు కొంగు అడ్డం పెట్టుకుని ఓపిగ్గా చూసింది. విశ్రాంతిలో మెల్లగా అడిగింది.

"పాపా, ఆ దెయ్యం ఎవురు?"

"ఇంకా చెప్పలేదు చిన్నమ్మా."

చివరిదాకా చూశాం. గోడలెక్కింది, పైకప్పుకు వేలాడింది, అందర్నీ చంపింది. లైట్లు వేశారు.

"ఇప్పుడన్నా చెప్పినారా?"

"లేదు చిన్నమ్మా... రెండో భాగంలో చెప్తారంట."

ఆమె నా ముఖంలోకి కాసేపు చూసింది. ఆ చూపుకు, ఆ సినిమా తీసింది నేనే అయినట్టు సిగ్గేసింది.

"సచ్చిందెవురో చెప్పకుండా ఎట్ల భయపడాలమ్మా?" అని చెప్పులు వెతుక్కుంటూ లేచింది. "పా, పోదాం."

ఆటోలో ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. మాట్లాడుకోవడానికి ఆ సినిమా మాకేమీ మిగల్చలేదు...

నాకు కోపం లేదు. వచ్చే శుక్రవారం ఇంకోటి వస్తే బహుశా మళ్లీ వెళ్తాను కూడా. అలవాటు. కానీ ఇప్పటి దెయ్యాలు హాల్లోనే ఉండిపోతున్నాయి. తలుపు దాటి ఎండలోకి వచ్చేసరికి ఒక్కటీ వెంట రావడం లేదు.

మీ ఇంటిదాకా నడిచొచ్చిన దెయ్యం ఏదైనా ఉంటే చెప్పండి... నేను నిజంగా భయపడి చాలా ఏళ్లయింది.