దేవయ్య తిప్పిన వాకిలి

డెబ్బై ఆరులో ఒమన్ దేశంలో, ఖురియాత్ దగ్గర సముద్రం పక్కన రోడ్డు వేయించిన మా కంపెనీ, కూలీలకు రూములు కట్టడం దండగనుకొని మమ్మల్ని చక్రాలున్న రేకు డబ్బాల్లో పెట్టింది. వాటిని దొరలు కారవాన్లనేవారు. మా డబ్బాలో ఆరుగురం. అందరికీ పెద్ద జగిత్యాల దేవయ్య, తాపీమేస్త్రీ. చక్రాలున్నా ఇల్లు ఇల్లేనని ఆయన పట్టుదల. దక్షిణం వైపున్న తలుపు చూడగానే అన్నం గిన్నె పక్కకు నెట్టేశాడు.

"గిది యముని దిక్కు. గీ ఇంట్ల బువ్వెట్ల తింటం?"

శుక్రవారం సెలవంతా డబ్బాను తోసి తలుపు తూర్పుకు తిప్పాం. దేవయ్య గడపకు పసుపు రాశాడు. ఎదురుగా సముద్రం, చల్లగాలి. మహారాజుల్లా బతికాం, ఒక్క నెల.

ఓ పొద్దున మేనేజరు మస్కట్ నుంచి విహారానికొచ్చిన దొరలను వెంటేసుకొచ్చాడు. వాళ్లు మా గడప మీద నిలబడి సూర్యోదయం చూసి మురిసిపోయారు. మరుసటి వారం మా డబ్బాకు తెల్లరంగు పడింది, కిటికీలకు తెరలొచ్చాయి. కంపెనీకి మా మీద ప్రేమ పుట్టిందనుకున్నాం. రంగు ఆరకముందే మా పెట్టెలు ఇసుకలో ఉన్నాయి. అది ఇకనుంచి అతిథుల విడిది అట. పసుపు మాత్రం చెరపొద్దన్నారు, దొరలకు నచ్చిందని.

మాకు ఇంకో డబ్బా ఇచ్చారు. ఈసారి దేవయ్య దగ్గరుండి తలుపును దక్షిణానికి, సరిగ్గా పాయిఖానాలకు ఎదురుగా పెట్టించాడు.

"యముని దిక్కంటివి గదనే దేవన్నా?" అన్నాను.

"యముడొస్తె రానియ్ తమ్మీ. మేనేజరైతె రాడు గదా!"