ఇంకా పేరు రాని పిండి

మా అత్తమ్మ పోయింది. మిర్యాలగూడలో కూతురింటికి వెళ్లి, మధ్యాహ్నం పడుకున్నది పడుకున్నట్టే వెళ్లిపోయిందట. ఆడబిడ్డ ఫోన్ చేస్తే నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆమె నాకు చెప్పాల్సిన మాట ఒకటి మిగిలిపోయింది.

పిండివంట చేస్తున్నంతసేపూ దాని పేరు ఎట్లా పుట్టిందో చెప్పడం ఆమెకు అలవాటు. చెప్పిన కథ మళ్లీ చెప్పేది కాదు. సముద్రం లేని మా సూర్యాపేటలో గవ్వలకు ఆ పేరెట్లా వచ్చిందని ఒకసారి అడిగాను.

"కడుపుతోటి ఉన్నామె ఎవరో సముద్రాన్ని కలల సూసి ఉంటది బిడ్డా. లేసి పిండి వత్తింది."

"అష్టాచమ్మా గవ్వలు ఊరూరా ఉన్నాయి కదత్తమ్మా!"

"ఉంటయ్‌లే. కల అనుకుంటే జర రుచి ఎక్కువైతది" అని నవ్వింది. ఆ పూట గవ్వలు నములుతుంటే నాకు అలల చప్పుడు వినిపించింది.

కోదాడ నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో నన్ను సర్వపిండి చెయ్యమన్నారు. సర్వ అనే గుండ్రటి గిన్నె లోపల వత్తి కాలుస్తారు గనుక దానికా పేరు. నాకు ఆ గిన్నె లొంగలేదు. నువ్వులు కలిపిన బియ్యప్పిండి ముద్దను పెనం మీద పరిచి, వేలితో గుంటలు పెట్టి నూనె పోశాను. "సర్వ లేని సర్వపిండి ఏందమ్మా!" అని చుట్టాలు ఒకటే నవ్వు. ఈ ఇంట్లో నేను కుదురుకోలేనేమో అనిపించింది. అత్తమ్మ మాత్రం ఓ అంచు విరిచి నోట్లో వేసుకుంది.

"దీనికింక పేరు రాలే. వచ్చేదాంక తిందాం, పట్టున్రి."

తర్వాత ఎన్నేళ్లైనా ఆమె దానికి పేరు పెట్టలేదు. "అది చెయ్యి బిడ్డా" అనేది, అంతే. పిండివంటలన్నిటికీ కథ అల్లే మనిషి నాదొక్కటీ వదిలేసిందని లోపల గుచ్చుకునేది. అడగడానికి అభిమానం అడ్డొచ్చేది.

మిర్యాలగూడలో, పొయ్యి వెలిగించని ఆ ఇంటికి పక్కింటామె డబ్బా పట్టుకొచ్చింది.

"పొద్దటి సంది ఏం తినకపోతిరి. జర కోడలిపిండి తినున్రి."

మూత తీస్తే, పెనం మీద కాల్చిన అదే. ఎవరి కోడలండీ అని అడిగాను.

"ఏమో తల్లీ, పెద్దమ్మ బిడ్డింటికి వచ్చినప్పుడల్ల గట్లనే అంటుండె. సూర్యాపేటల మా కోడలు చేస్తది, దాని లెక్క ఎవ్వరికి రాదు అనుకుంట మాకు నేర్పింది. ఈ గల్లీల అందరం గట్లనే అంటం."

అప్పుడు ఏడ్చాను, ఆడబిడ్డ భుజం మీద తల పెట్టి, బిగ్గరగా.

సాయంత్రం వాకిట్లో కూర్చుంటే ఏ ఇంట్లోంచో నువ్వులు వేగుతున్న వాసన వచ్చింది. నన్ను ఎన్నడూ చూడని ఎవరో ఇల్లాలు, పెనం మీద పిండి పరిచి, వేలితో మెల్లగా గుంటలు పెడుతూ ఉంటుంది.